గ్రంథాలయోద్యోగికి క్రొత్త పాఠము

మన పాఠశాల గ్రంథాలయమున పనిచేయు ఉద్యోగికి వారమునకు కొంత సమయము కేటాయించి, సామాజిక మాధ్యమములను నేర్చుకొనుటకు అవకాశము కల్పించితిమి. దీనినిగూర్చి తల్లిదండ్రులు కొందరు మమ్ములనొక ప్రశ్న అడిగిరి: “పిల్లల చేతిలో ఫోను ఉండరాదని సభలలో చెప్పెడివారు మీరే కదా! గ్రంథాలయములో ఆ ఫోనుకే పీట వేయుట ఏమి న్యాయము?” అడుగదగిన ప్రశ్నయే. ఒక మాటతో తీరునది కాదు గనుక ఈ సంచికయందు ఆ విషయమును మొదటినుండి వివరింప దలచితిమి.

అంతర్జాలము వచ్చిన తొలినాళ్లలో అందు వ్రాయువారు కొందరు, చదువువారు పెక్కుమంది. తరువాత సాంకేతిక విద్య లేనివారు సైతము వ్రాయుటకును, చిత్రములు చేర్చుటకును, ఒకరు వ్రాసినదానిని వేఱొకరు సవరించుటకును వీలు కలిగినది. 2001లో ఆంగ్ల వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. ఛాయాచిత్రములు పంచుకొను ఫ్లికర్ 2004లోను, వీడియోలకు యూట్యూబు, ఎవరి పుస్తకముల పట్టికను వారే వ్రాసికొనుటకు లైబ్రరీథింగ్ 2005లోను వెలసినవి. చదువరి తన సందేహము తీర్చుకొనుటకు ఇట్టి క్రొత్త చోట్లకు పోవుచుండగా, ఆ చోట్లు ఎఱుగని గ్రంథాలయోద్యోగి అతనికి త్రోవ చూపుట యెట్లు? ఈ చిక్కు ప్రపంచమునందలి గ్రంథాలయములన్నిటికిని ఎదురైనది.

అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున షార్లెట్ అను నగరము కలదు. అచ్చటి ప్రజా గ్రంథాలయమున సాంకేతిక విభాగమును నిర్వహించుచుండిన హెలీన్ బ్లోవర్స్ 2006లో ఉద్యోగులకొఱకు ‘లెర్నింగ్ 2.0’ అను పాఠక్రమమును ప్రారంభించిరి. అందు 23 చిన్న పనులుండుటచే అది ‘23 విషయములు’ అను పేర ప్రసిద్ధికెక్కినది. గడువు 9 వారములు. జీవితాంతము నేర్చుకొనుచుండువారికి ఉండవలసిన అలవాట్లను తెలిసికొనుట తొలి పాఠములలో నొకటి. పిమ్మట ప్రతి ఉద్యోగియు అంతర్జాలమున తనకొక దినచర్య పుటను ఏర్పఱచుకొని, చేసిన ప్రతి పనిని గూర్చి అందు తన అనుభవమును వ్రాయవలెను. ఛాయాచిత్రములను చేర్చుట, విషయములకు గుర్తుపేర్లు పెట్టుట, వికీ పుటను సవరించుట, ధ్వనిముద్రణలను, వీడియోలను వెదకుట మున్నగునవి వరుసగా వచ్చెడివి. పూర్తిచేసిన వారికి పాటలు వినెడి ఒక చిన్న యంత్రమును బహుమానముగా నిచ్చిరి.

ఆ పాఠక్రమమునుండి మేము గ్రహించినవి మూడు. అందు ఉపన్యాసము తక్కువ, చేతిపని యెక్కువ. ఈత గట్టుమీద రాదు గదా! రెండవది, పరీక్ష లేదు. ఎవరి వేగమున వారు నేర్వవచ్చును, తెలియనిదానిని తోటివారిని అడుగవచ్చును. ఏండ్ల తరబడి పుస్తకములతో పనిచేసిన పెద్దలకు “ఇది నాకు తెలియదు” అని పదిమందిలో చెప్పుట కష్టము. అట్టి సంకోచమునకు అందు చోటు లేదు. మూడవది, నేర్చుకొనుటను ఉద్యోగధర్మములో భాగముగా నెంచిరి. ఆ పాఠములను ఇతరులు స్వేచ్ఛగా వాడుకొనుటకు అనుమతించిరి గనుక పలు దేశములలోని వందలాది గ్రంథాలయములు వానిని తమ అవసరములకు తగినట్లు మార్చుకొని ఉపయోగించినవి.

ఇచ్చట మఱియొక సంగతి గమనింపదగినది. అంతర్జాల సాధనములు చిరకాలము నిలుచునవి కావు. క్రొత్త వార్తలను ఒకచోట కూర్చి చూపుచుండిన గూగుల్ రీడర్ 2013లో మూతపడినది. మన దేశమున యువకులెల్లరు వాడిన ఆర్కుట్ 2014లోను, సామాన్యుల కొఱకు నడచిన గూగుల్ ప్లస్ 2019లోను అంతరించినవి. ఒక్క మీటను కంఠస్థము చేసినవాని విద్య ఆ మీటతోనే పోవును. క్రొత్తదాని యెదుట బెదరక, దాని గుణదోషములను తానే పరీక్షించుట నేర్చినవాని విద్య నిలుచును. మన ఉద్యోగికి కావలసినది ఈ రెండవ విద్య.

మనకు ఈ విద్య పరాయిది కాదు. షియాలి రామామృత రంగనాథన్ గారు గణితాధ్యాపకులై యుండి 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియమితులైరి. ముప్పదియేండ్లు దాటిన వయస్సున ఇంగ్లండుకు పోయి ఆ వృత్తిని మొదటినుండి నేర్చుకొనిరి. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించిరి. పుస్తకములు వాడుటకేగాని దాచుటకు కావనియు, ప్రతి చదువరికిని తగిన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తగిన చదువరి లభింపవలెననియు, చదువరి కాలము వృథా కారాదనియు, గ్రంథాలయము పెరుగుచుండెడి ప్రాణి వంటిదనియు వాని భావము. 1935లో ఆంధ్రదేశమున పాతూరి నాగభూషణం గారు కాలువపై పడవలో పుస్తకములు పంపి తీరగ్రామములవారిచే చదివించిరి. ఆనాడు ఎవరును పడవను చూచి ముచ్చటపడి పుస్తకమును మఱవలేదు. నేడు ఫోనును మేము అట్టి పడవగానే తలంచుచున్నాము. దానిలో పుస్తకమున్నదా లేదా యనునదే చూడవలసినది.

ఇక మన సంగతి. తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు చెవికి తెలిసియు కంటికి తెలియనివారు కలరు. ఇంట తెలుగు మాటలాడుదురు. చదువు మాత్రము ఆయా రాష్ట్రభాషలోనో ఇంగ్లీషులోనో సాగినది. అట్టి తల్లికి తెలుగు లిపిలో అచ్చువేసిన పుస్తకముల జాబితాను పంపిన నేమి ప్రయోజనము? అదే గ్రంథాలయోద్యోగి క్రొత్త పుస్తకమును గూర్చి రెండు నిమిషములు తన గొంతుతో చెప్పి వాట్సాప్‌లో పంపెనేని, ఆమె వంట చేసికొనుచు వినగలదు. “ఆ కథల పుస్తకము తెచ్చుకొనుము, ఇద్దఱమును అక్షరములు కూడబలుకుకొందము” అని బిడ్డతో అనగలదు. ఈ ఒక్క ఉపయోగము సిద్ధించినను మేమిచ్చిన సమయము వ్యర్థము కాదు.

రెండవ ఉపయోగము వ్రాతకు సంబంధించినది. ముద్రణాలయములలో వాడెడి కొన్ని పాత అక్షరరూపములతో కూర్చిన తెలుగు, ఆ అక్షరరూపములు లేని యంత్రమున తెలుగుగా కనబడదు, వెదకినను దొరకదు. యూనికోడ్ పద్ధతిలో వ్రాసిన తెలుగు ఏ ఫోనులోనైనను చదువబడును, వెదకిన దొరకును. కావున మన పుస్తకముల పట్టికను ఉద్యోగి యూనికోడ్‌లోనే వ్రాయవలెనని నిర్ణయించితిమి.

మూడవది వికీసోర్స్. పాత తెలుగు పుస్తకముల పుటల చిత్రములను అందు ఒకవైపునుంచి, రెండవవైపున వాని పాఠమును అక్షరరూపమున చేర్చుదురు. ఒకరు దిద్దిన పుటకు పసుపుపచ్చ గుర్తు, వేఱొకరు మరల సరిచూచిన పుటకు ఆకుపచ్చ గుర్తు వచ్చును. ఏ రాష్ట్రముననున్న తెలుగువాడైనను ఈ పనిలో పాల్గొనవచ్చును. మన దేశ చట్టము ప్రకారము రచయిత జీవితకాలమున ప్రకటితమైన గ్రంథముపై హక్కు సాధారణముగా వారు గతించిన పిదప 60 సంవత్సరములు ఉండును. కందుకూరి వీరేశలింగం గారు 1919లోను, నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడిలో చిరకాలము అధ్యాపకులుగా నుండిన గిడుగు రామమూర్తి గారు 1940లోను గతించిరి గనుక వారి రచనలను ఇట్లు చేర్చుటకు అడ్డులేదు. జీవించియున్న రచయితల పుస్తకములను ఫోనుతో చిత్రము తీసి పంచుట మాత్రము తప్పు. ఉద్యోగి ఈ భేదమును నేర్వవలెను, మనమును నేర్వవలెను. ఇంట తెలుగు చక్కగా చదువగల తాతగారో, అమ్మమ్మగారో ఉన్నచో వారానికొక పుటను సరిచూడుమని మా మనవి. పిల్లవాడు ప్రక్కన కూర్చుండి మీటలు నొక్కును. పెద్దవారు తప్పులు చెప్పుదురు.

ఈ సాధనములందు అపాయములును గలవు. వాట్సాప్ గుంపులో చేరిన వారి ఫోను సంఖ్యలు తక్కిన సభ్యులకు కనబడును. ఒకరు పుస్తకమును గూర్చి వ్రాసిన మాట పదిమంది శుభోదయములలో మునిగిపోవును. పరిశీలింపని వార్త గ్రంథాలయము పేర ప్రచారమైనచో పాఠశాలకే అప్రతిష్ఠ. అన్నిటికంటె ముఖ్యమైనది పిల్లల గోప్యత. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున 18 సంవత్సరములు నిండనివారిని బాలలుగానే ఎంచి, వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతిని విధించిరి. చట్టము మాట అటుంచినను, ఏ పిల్లవాడు ఏ పుస్తకము తీసికొనెనో నలుగురికి చాటుట గ్రంథాలయ ధర్మమునకే విరుద్ధము.

కావున మేము కొన్ని నియమములు ఏర్పఱచుకొంటిమి. ఉద్యోగి సొంత సంఖ్యను గాక పాఠశాల సంఖ్యనే వాడవలెను. గుంపులో నిర్వాహకులు మాత్రమే సందేశములు పంపవలెను. తమ సంఖ్య ఇతరులకు తెలియుట ఇష్టములేని వారికి గ్రంథాలయ ప్రకటనలు కాగితముపై అందును. తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అంగీకారము లేక ఏ బిడ్డ చిత్రమును, పేరును, కంఠమును బయట పెట్టరాదు. రాత్రివేళ సందేశములు పంపరాదు. ఉద్యోగికిని ఇల్లు కలదు. పిల్లలకు గ్రంథాలయములో ఫోను ఉండదు. నేర్చుకొనువారు ఉద్యోగి, పిల్లలకు అందవలసినది పుస్తకము.

మొదట అడిగిన ప్రశ్నకు మా సమాధానమిది. పిల్లలకు ఫోను వలదనుటయు, వారికి పుస్తకమును చేర్చువారికి ఆ ఫోనును వివేకముతో వాడుట నేర్పుటయు పరస్పర విరుద్ధములు కావు. అయినను ఉద్యోగి ఎంత నేర్చినను, వినువారు లేనిచో ఆ విద్య ఫలింపదు. గ్రంథాలయమునుండి ఒక సందేశము వచ్చినపుడు దానిని మీ బిడ్డతో కూడ వినుడు. ఆ పుస్తకము ఇల్లు చేరెనా యని అడుగుడు. చేరనిచో మాకు తెలుపుడు. లోపము మాదగును, దిద్దుకొందుము.