శిబిరమునకు పంపుటకు ముందు



సెలవులు రాగానే స్కౌటు శిబిరములకును, ఎన్.సి.సి. శిబిరములకును, సేవాశిబిరములకును మనలో పలువురు వెళ్లుచుందురు. 1907వ సంవత్సరము ఆగస్టు నెలలో ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ ద్వీపమున బేడెన్ పవెల్ సుమారు ఇరువదిమంది బాలురతో నడపిన శిబిరము స్కౌటు ఉద్యమమునకు నాంది అయ్యెను. గుడారము వేయుట, స్వయముగా వండుకొనుట, నలుగురితో కలిసి మెలగుట తరగతి గదిలో అబ్బెడు విద్యలు కావు. కావున శిబిరములు కూడవని మేము చెప్పబోము. ఐనను బిడ్డను పంపు తల్లి మనస్సున ఒక ప్రశ్న మెదలును. అక్కడ రాత్రింబవళ్లు మా బిడ్డను కనిపెట్టియుండు పెద్దలు ఎవరు? వారిని గూర్చి ఎవరు విచారించిరి?

ఈ ప్రశ్న వట్టి శంక కాదు. 2024 ఆగస్టులో, తెలుగువారు తరతరములుగా నివసించుచున్న కృష్ణగిరి జిల్లాలో, ఒక ప్రైవేటు పాఠశాలయందు ఎన్.సి.సి. పేరిట ఒక శిబిరము జరిగెను. అందు పాల్గొన్న బాలికలపై లైంగిక దౌర్జన్యము జరిగినదని ఫిర్యాదు వచ్చెను. ఆ శిబిరమునకు తమ అనుమతి లేదని ఎన్.సి.సి. వారు తెలిపిరి. విషయము తెలిసియు దాచిరను ఆరోపణపై పాఠశాల సిబ్బందియు అరెస్టయిరి. ముందుగా ఎవరైనను ఎన్.సి.సి. కార్యాలయమునకు ఒక్క ఉత్తరము వ్రాసి అడిగియున్నచో నిజము అప్పుడే తెలిసియుండెడిది.

మన దేశమున బాలల రక్షణకై 2012లో పోక్సో చట్టము వచ్చినది. పిల్లలతో నిత్యము మెలగు సంస్థలు తమ ఉద్యోగులందరిని గూర్చి ఎప్పటికప్పుడు పోలీసు విచారణ జరిపింపవలెనని ఆ చట్టము క్రింద 2020లో చేసిన నియమములు చెప్పుచున్నవి. ఐతే అందలి మాట ఉద్యోగులను గూర్చినది. నాలుగు దినములకై జీతము లేక వచ్చు స్వచ్ఛంద సేవకుని పేరు అందు లేదు. తల్లిదండ్రులు అడిగి పూరింపవలసిన సందు ఇదియే.

విచారణ పత్రము ఒక్కటే చాలునా? చాలదు. 2002లో ఇంగ్లండునందలి సోహం పట్టణమున ఇద్దరు బాలికలు హతులైరి. హంతకుడు ఒక పాఠశాలలో పనిచేయువాడు. పూర్వము అతనిపై పలు ఆరోపణలు వచ్చియున్నను శిక్ష పడలేదు. ఆ సమాచారము అతనిని నియమించిన పాఠశాలకు చేరలేదు. 2004లో బిచర్డ్ విచారణ ఈ లోపమును వెల్లడించెను. ఇప్పుడు ఆ దేశమున పిల్లలతో పనిచేయు స్వచ్ఛంద సేవకులకు ఈ విచారణ రుసుము లేకయే జరుగుచున్నది. ఐనను పత్రము పోలీసులకు తెలిసిన గతమునే చెప్పును, రేపటిని చెప్పదు.

కావున ఏర్పాట్లను గూర్చియు అడుగవలెను. ఏ పెద్దయు ఒక్క బిడ్డతో ఏకాంతమున ఉండరాదను నియమము కలదా? పెద్దలు ఎక్కడ నిద్రింతురు, పిల్లలు ఎక్కడ నిద్రింతురు? బాలికలకు తోడుగా స్త్రీలు ఉందురా? పిల్లలు ఇంటికి ఫోను చేయవచ్చునా? మనవంటి ప్రాంతములలో మరియొక ప్రశ్నయు కలదు. అనుమతి పత్రము తల్లిదండ్రులు చదువగల భాషలో ఉన్నదా? చదువరాని కాగితముపై చేసిన సంతకము అనుమతి కాజాలదు.

ఉచితముగా సేవ చేయ వచ్చినవారిని ఇట్లు ప్రశ్నించుట అవమానము కాదా యని కొందరందురు. సొమ్ము లెక్కపెట్టి పుచ్చుకొనుట ఇచ్చినవానిని దొంగ యనుట కాదు గదా! మంచి సేవకుడు ఆ ప్రశ్నలకు సంతోషముతో బదులు చెప్పును. విసుగుకొనువాని చేతికి బిడ్డను అప్పగింపకుండుటయే మేలు.

తుదకు మీతో ఒక మాట. ఎంత గౌరవనీయుడైనను, మీకు ఇష్టము లేని రీతిని తాకినను, "ఇంట చెప్పకు" అన్నను, వెంటనే ఇంట చెప్పుడు. తప్పు మీది కాదు. 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇట్టి నేరము తెలిసినవారెల్లరు పోలీసులకు తెలుపవలెనని పోక్సో చట్టము 19వ సెక్షను శాసించుచున్నది. వ్రాసుకొను భాష బిడ్డకు తెలియనిచో దుబాసిని ఏర్పరుపవలెననియు అందే కలదు. కావున తమిళము రాదనియో, కన్నడము రాదనియో, ఒడియా రాదనియో నోరు మూసుకొనవలసిన పనిలేదు. మీ మాట తెలుగులోనే చెప్పుడు.

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదందురు. పిల్లల క్షేమమును సైతము తల్లిదండ్రులు అడిగియే పొందవలెను; ఈ పత్రికను ఇంటికి గొనిపోయి వారికి చదివి వినిపింపుడు.