సవర నుడి – గిడుగు బడి

గుంటూరు సీమలో తెలుగుతోపాటు ఉర్దూ, ఎరుకల, లంబాడీ భాషలు ఇండ్లలో వినవస్తాయి. పొన్నూరులోనైనా, పల్లెలోనైనా అట్టి ఇంటి బిడ్డ తెలుగు బడిలో చేరిననాడు అక్షరాన్నీ, అది పలికే పరభాషనూ ఏకకాలంలో నేర్వవలసి వస్తుంది. తెలియనిదానిని తెలియని మాటలతో బోధించడమే ఇందలి చిక్కు. దీనిని తెలుగునాట ముందుగా గుర్తించినవారిలో గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) అగ్రగణ్యులు.

కావ్యాలు బోధించే మాబోటివారికి గిడుగు పేరు వినగానే వ్యావహారిక భాషోద్యమమే స్ఫురిస్తుంది. గ్రాంథికంపై మమకారం గలవారికి ఆయనతో పేచీలు నేటికీ తీరలేదు. కాని ఆ వివాదానికి ముందే ఆయన తలకెత్తుకొన్న కార్యం మరొకటి ఉంది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్నప్పుడు ఆయన దృష్టి పరిసరాల కొండలలో నివసించే సవరలపై పడింది. ఆ భాష నేర్వడానికి తగిన వ్యాకరణం గాని నిఘంటువు గాని లేవు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక సవరను ఇంటనే ఉంచుకొని, ఆయన నోట విని నేర్చారు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా కుటుంబానికి చెందినది. కావున తెలుగు వ్యాకరణపు మూసలో అది ఇమడదు. గురువు మొదట శిష్యుడైతే తప్ప ఆ బడి నడవదని గిడుగు గ్రహించారు. సవరలో వాచకాలు రచించి, సొంత ధనంతో పాఠశాలలు నెలకొల్పారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు కోశం 1938లోనూ వెలువడ్డాయి.

చదువు తల్లినుడిలో ఆరంభం కావాలని యునెస్కో నివేదిక ప్రకటించింది 1953లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, లంబాడీ, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించారు. తెలుగును తొలగించడం దాని ఉద్దేశం కాదు. మొదట ఇంటి భాషలో చదవడం, రాయడం. పిమ్మట తెలుగును మాటగా వినడం, పలకడం. ఆపైన తెలుగు చదువు. ఒక భాషలో చదవడం పట్టుబడిన బిడ్డకు రెండవ భాషలో కొత్తగా నేర్వవలసినవి ఆ భాషా పదాలు, వాక్యాలే గాని చదవడమనే విద్య కాదు.

ఆ వాచకాలకు తెలుగు లిపినే స్వీకరించారు. తెలుగు చదువులోకి మళ్ళడానికి అది సులువైన దారి. అయితే సవరలో గొంతు మూలాన ఊపిరిని క్షణకాలం ఆపి పలికే ధ్వని ఒకటి ఉంది. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. సవరలకు తమదే లిపి ఉండాలని మంగెయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్‌ను రూపొందించారు. ఏ లిపిని ఎంచుకొన్నా ఆ బిడ్డ ఆరవ ఏట మోయవలసిన బరువెంతో వాచకకర్తలు ముందుగా తూచవలసి ఉంటుంది.