గొర్రెపిల్లను పెంచబోయే బిడ్డలకు

1. ముర్రుపాలకు ముహూర్తం చూడొద్దు.

పిల్ల పుట్టిన గంట రెండు గంటల్లోనే తల్లి ముర్రుపాలు తాగాలి. రోగాన్ని తట్టుకునే శక్తి గొర్రెపిల్లకు కడుపులో ఉండగా అందదు, ఆ పాలతోనే వస్తుంది. ఒక రోజు దాటితే పేగులు దాన్ని పీల్చుకోలేవు. మాయ పడేదాకా పాలు పట్టొద్దని పెద్దలు అనేవారు. నేనూ ఆ మాటే విన్నాను. నాకని ఇచ్చిన మొదటి పిల్ల దక్కలేదు. తెలిసినవాళ్లను అడిగి ఉంటే బతికేదేమోనని ఈ వయసులోనూ అనిపిస్తుంది.

2. చెరువు అంచు పచ్చికను నమ్మొద్దు.

మన పాలంపేటలో ఎండలు ముదిరేకొద్దీ రామప్ప చెరువు నీళ్లు వెనక్కి పోతాయి, ఆ తడిలో లేత గడ్డి మొలుస్తుంది. జీవాలు అటే లాగుతాయి. కార్జాన్ని తినే జలగ పురుగు పెరిగేది అలాంటి చోట నత్తల్లోనే. నత్త నుంచి బయటికొచ్చి గడ్డికి అంటుకుంటుంది, మేతతో పాటు లోపలికి పోతుంది. కొన్ని వారాలకు గొర్రె చిక్కిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. అంతదాకా ఆగొద్దు బిడ్డా. వారానికోసారి కంటి కింది రెప్ప తిప్పి చూడు. ఎర్రగా ఉండాల్సింది పాలిపోతే పెంటికలు పొట్లం కట్టుకుని పశువుల దవాఖానకు పో. మందు తాగించి మళ్లీ అదే అంచుకు తోలితే ఆ మందు వృథా.

3. పోటీకి నిలబెట్టే జీవం నీ చేతికి అలవాటు పడాలి.

రామప్ప గుడి నంది ముందు కాసేపు నిలబడు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. చెవులు నిక్కించి, పిలిస్తే లేచి వచ్చేటట్టున్న ఆ ఎద్దును చెక్కినవాడు పశువులను ఏళ్ల తరబడి చూసినవాడని నా నమ్మకం. ప్రదర్శనలో న్యాయనిర్ణేత చూసేదీ అదే: నాలుగు కాళ్ల మీద బరువు సమంగా పడుతోందా, నడుము తిన్నగా ఉందా, పళ్లు వయసుకు తగ్గట్టున్నాయా. ఏడాది, ఏడాదిన్నరకు రెండు పెద్దపళ్లు రావాలి. రోజూ పలుపు పట్టి నడిపించిన పిల్లే జనంలో బెదరకుండా నిలబడుతుంది. బరువు కోసం ఉప్పు తినిపించి నీళ్లు తాగించేవాళ్లు ఉంటారు. ఆ పని చేయొద్దు, జీవం బాధపడుతుంది.

4. ప్రతి పైసా రాసిపెట్టు.

అమెరికాలో ఫోర్ హెచ్ క్లబ్బుల పిల్లలు దూడలను, గొర్రెపిల్లలను పెంచి ప్రదర్శనకు తెస్తారు. దాణా ఖర్చు, బరువు రాసిన పుస్తకాన్ని కూడా పెద్దలు పరీక్షిస్తారు. మనకూ అది కావాలి. వానలకు ముందు చిటుక రోగం టీకా వేయించిన తేదీ అందులో తప్పకుండా ఉండాలి.

5. అమ్మే రోజు ఉందని మొదటి రోజే తెలుసుకో.

పేరు పెట్టి పిలిచిన పొట్టేలును బేరగాడు తోలుకుపోతుంటే ఏడుపొస్తుంది. ఏడువు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. పైసలు చేతికొచ్చాక మాత్రం రెండు పళ్ల ఆడగొర్రెను చూసి కొను. చూలు కట్టిన ఐదు నెలలకు ఈనుతుంది.