ఉపాధ్యాయ శిక్షణ - సాంకేతిక సాధనములు - పంచాయతీల బాధ్యత

గ్రామ పాఠశాల వృద్ధి చెందవలెనన్న భవనములు, బల్లలు మాత్రమే చాలవు. ఉపాధ్యాయుడు క్రొత్త బోధనా పద్ధతులను ఎప్పటికప్పుడు నేర్చుకొనుచుండవలెను. ప్రతి ఉపాధ్యాయుడును ఏటా కనీసము 50 గంటల వృత్తి శిక్షణ పొందవలెనని 2020 జాతీయ విద్యావిధానము నిర్దేశించినది. 2017లో వెలసిన ‘దీక్ష’ వేదిక మీదను, 2019లో ఆరంభమై మరుసటి ఏడు ఆన్‌లైన్‌కు మారిన ‘నిష్ఠ’ కార్యక్రమములోను ఉపాధ్యాయులు ఉన్న ఊరనే ఉండి శిక్షణ పొందుటకు వీలు కలిగినది. అయినను ఈ మార్గమున కొన్ని అవరోధములు గలవు.

ఇట్టి అవరోధములు రెండు తరగతులకు చెందినవని విద్యావేత్త పెగ్గీ ఎర్ట్‌మర్ 1999లో వివరించిరి. మొదటివి వెలుపలివి, రెండవవి లోపలివి.

వెలుపలి అవరోధములు

విద్యుత్తు నిలుకడగా లేకపోవుట, ఇంటర్నెట్ అందకపోవుట, పరికరము చెడినచో బాగుచేయువారు లేకపోవుట, తీరిక లేకపోవుట ఇందు ముఖ్యములు. సంకేతము అందని ఊరిలో పాఠపు వీడియో మాటిమాటికి నిలిచిపోవును. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులు చూచుకొనువారికి పగలు శిక్షణకు వ్యవధి దొరకుట దుర్లభము.

లోపలి అవరోధములు

ఇవి కంటికి కానరావు. పరికరము పాడగునేమోనను జంకు, తెలియదని చిన్నవారిని అడుగుటకు బిడియము, పాత అలవాటు ఇట్టివి. శిక్షణలోనే లోపముండుటయు కలదు. యంత్రమును నడుపుట నేర్పి, దానితో పాఠము చెప్పుట నేర్పనిచో ప్రయోజనము స్వల్పము. భిన్నముల పాఠమున వీడియోను ఎచ్చట ఆపి పిల్లలను ప్రశ్నింపవలెనో, ఒక తరగతి చూచుచుండగా తక్కిన తరగతులకు ఏ పని ఈయవలెనో తెలియవలెను. లేనిచో ధ్రువపత్రము చేతికి వచ్చును. తరగతి గది యథాప్రకారముగనే యుండును. ఆ నష్టము మన పిల్లలదే.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్యను పేర్కొన్నది. కావున సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. 2011లో ఆమోదము పొంది తరువాత ‘భారత్‌నెట్’గా పేరు మారిన పథకము పంచాయతీలకు ఇంటర్నెట్ చేర్చుటకే ఏర్పడినది. మీ కార్యాలయమునకు ఆ లైను వచ్చినదా, పనిచేయుచున్నదా విచారింపుడు. పాఠశాలకు దానిని పొడిగించుటకు అధికారులకు వ్రాయుడు.

2. పాఠశాలలో విద్యుత్తు తీగలు, ఎర్తింగు సరిగా నున్నవో లేదో పరీక్షింపించుడు. పరికరములకు తాళము గల గది చూపుడు. అవి బీరువాలో మూలుగక నిత్యము వాడుకలో నుండునట్లు చూడుడు.

3. లైను పాఠశాలకు చేరువరకు, పని వేళలు ముగిసిన పిదప పంచాయతీ కార్యాలయపు గదిని ఉపాధ్యాయులకు ఇచ్చుట మంచిది.

4. సమీప పాఠశాలల ఉపాధ్యాయులు నెలకొకమారు కూడి, నేర్చిన పాఠమును ఒకరి యెదుట ఒకరు బోధించి చూచుకొనుటకు ప్రధానోపాధ్యాయులతో మాటాడి వసతి కల్పింపుడు. జంకు, బిడియము తొలగుటకు ఇది సులభోపాయము.

పాఠశాల కమిటీ సమావేశమున ఎన్ని ధ్రువపత్రములు వచ్చినవని మాత్రమే అడిగి ఊరకుండరాదు. శిక్షణ తరువాత తరగతిలో ఏమి మారినదో, పిల్లలు క్రొత్తగా ఏమి నేర్చిరో ఆదరముతో అడిగి తెలిసికొనవలెను. గ్రామము శ్రద్ధ చూపిన చోట ఉపాధ్యాయునకును ఉత్సాహము కలుగును.