మూత్రపిండములు చేయు పని

మే నెల యెండలో ఎల్బీ నగర్ చౌరస్తానుండి దిల్‌సుఖ్‌నగర్ వఱకు నడచిన విద్యార్థికి ఆ సాయంకాలము మూత్రము కొంచెముగను, ముదురు పసుపుగను వెడలును. "వేడి చేసిన"దని పెద్దలందురు. వెన్నెముకకు ఇరుప్రక్కల చిక్కుడుగింజల యాకారముననున్న మూత్రపిండములు, చెమటగా పోయిన నీటికి బదులు ఉన్న నీటిని పొదుపు చేయుచున్నవని మేము చెప్పుదుము.

ఒక్కొక్కటి పిడికిలియంతయే, తూకము 150 గ్రాములకు దగ్గఱ. అయినను హృదయము పంపు నెత్తురులో ఇంచుమించు ఐదవవంతు వీనికే చేరును. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల నెఫ్రానులను సూక్ష్మమైన వడపోత గొట్టములు కలవు.

వీని పనితీరు విచిత్రమైనది. బియ్యము బాగుచేయు తల్లి రాళ్లను మాత్రమే యేఱి పాఱవేయును. మూత్రపిండమట్లు చేయదు. రక్తకణములను, పెద్ద మాంసకృత్తులను నిలిపి, తక్కిన ద్రవమును దినమునకు 180 లీటర్లవఱకు గొట్టములలోనికి క్రుమ్మరించి, పిదప కావలసిన నీటిని, చక్కెరను, ఉప్పును మరల లోనికి తీసికొనును. మిగులునది లీటరున్నర మాత్రమే. ఇంత శ్రమ యేల? రాళ్లనేఱువారు ప్రతి రాతిని గుర్తింపవలెను. బియ్యమునేఱుకొనువారికి బియ్యము తెలిసిన చాలును. ఎన్నడు నెఱుగని మందైనను విషమైనను, పెక్కుసారులు, ఎవరును చేపట్టనందుననే వెలికి పోవును.

ఎంత నీరు మరల గ్రహింపవలెనో మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి విడుచు రసము తెలుపును. ఉప్పు, ఆమ్లము సయితము ఇట్లే సరిచేయబడును. పొటాషియము సంగతి మఱింత సున్నితము. త్రోవప్రక్క మనము త్రాగు కొబ్బరినీళ్లలో అది మెండు. మంచి పిండములు హెచ్చును గంటలలో వెడలగొట్టును. చెడిన పిండములకది చేతగాదు. నెత్తురున పొటాషియము పెరిగినచో గుండె లయ తప్పును, ఆగిపోవుటయు కలదు.

ఎల్బీ నగర్ మీదుగా పోవు విజయవాడ రోడ్డున బయలుదేఱి, పిదప తీరము వెంట ఉత్తరముగా సాగిన, శ్రీకాకుళము జిల్లా కొసను ఉద్దానము వచ్చును. కవిటి, సోంపేట, కంచిలి మొదలగు మండలములు కొబ్బరితోటలకు పేరొందినవి. అచ్చట కొన్ని దశాబ్దములుగా మధుమేహము గాని రక్తపుపోటు గాని లేని వ్యవసాయదారులకు సహితము మూత్రపిండములు చెడుచున్నవి. తాను పెంచిన చెట్టు నీటిని త్రాగవలదని వైద్యుడు రోగికి చెప్పవలసి వచ్చుచున్నది. బావినీరా, పురుగుమందులా, ఎండలో చాలినంత నీరు లేక చేయు కష్టమా యని పరిశోధకులు వెదకిరి, కారణమింకను తేలలేదు. ఎల్ సాల్వడార్, నికరాగువా దేశముల చెఱకు కూలీలలోను, శ్రీలంక వరి రైతులలోను ఇట్టి వ్యాధియే కలదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును తెఱువబడినవి.

అచ్చటి రోగులు పలువురు ఆలస్యముగ వైద్యుని చేరుటకు అశ్రద్ధయే కారణమనుట న్యాయము కాదు. సగము పని చెడినను ఈ పిండములు నొప్పి తెలుపవు. ముఖము పొంగకమునుపే, ఆకలి చావకమునుపే, నెత్తురునందలి క్రియాటినిన్ పరీక్షయే ఆ సంగతిని బయలుపఱచును.