దుఃఖస్మృతి

పదియేండ్ల క్రింద నొక సోమవారమున నేమి భుజించితిమో మనకు జ్ఞప్తియుండదు. తల్లి మరణించిన దినమున వాకిట నాఱవేసిన చీర రంగైనను మఱవము. ఉద్వేగమున దేహమం దూరు రసములు, మెదడులోని బాదముగింజ యాకృతిగల అమిగ్డలా భాగమును ప్రేరేపించి, స్మృతిని గట్టిపఱచును. ఐనను నది శిలాశాసనము కాదు. తలఁపునకు వచ్చిన భయస్మృతి కొంతసేపు మెత్తఁబడి మరల గట్టిపడునని 2000 సంవత్సరమున నాదర్ మొదలగువా రెలుకలయందు చూపిరి.

మన యిండ్లలో భర్తను గోల్పోయిన యువతితో “మఱచిపొమ్ము” అని చెప్పి నోరు మూయించుట మాకు సమ్మతము కాదు. 1986లో పెన్నెబేకర్, బీల్ అనువారు విద్యార్థులచేత 4 దినములు, దినమునకు 15 నిమిషములు, తమ దుఃఖమును వ్రాయించిరి. వ్రాసిననాఁడు మనస్సు మఱింత క్రుంగెను. కాని జరిగినదానితోపాటు తమ భావమునుగూడ వ్రాసినవారు తరువాతి నెలలలో వైద్యశాలకు తక్కువగా పోయిరి. కావున నామె చెప్పఁదలఁచినప్పుడు వినుఁడు, చెప్పనొల్లనినాఁడు బలవంతపెట్టకుఁడు.