గోడను కూల్చు మందు

హైదరాబాదు నగరమునకు తూర్పున, తార్నాకనుండి ఉప్పలునకు పోవు దారిలో, నాచారమునకు చేరువనే హబ్సీగూడ కలదు. అచ్చట సీసీఎంబీ అను పరిశోధనాలయము నెలకొనియున్నది. కంటికి కానరాని బాక్టీరియా తన చుట్టును గోడ నెట్లు కట్టుకొనునో అచ్చటి శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. ఆ గోడతో మనకేమి పనియని మీరడుగవచ్చును. మనము వాడు మందులలో కొన్ని ఆ గోడమీదనే దెబ్బ తీయును. సెఫలోస్పోరిన్ అట్టిది.

దీని పుట్టుక వింతయైనది. 1945లో ఇటలీ దేశపు సార్డీనియా ద్వీపమున జుసెప్పె బ్రోట్జు అను వైద్యాచార్యుడు, మురుగునీరు సముద్రమున కలియు చోట ఒక బూజును కనుగొనెను. దాని రసము టైఫాయిడు క్రిములను సైతము అణచెను. ఆ బూజు ఆక్సుఫర్డునకు చేరగా, 1953లో ఏబ్రహాము, న్యూటను అను పండితులు దానినుండి సెఫలోస్పోరిన్-సి ని వేరుపరచిరి. మురుగునుండి మందు! దానిని మార్చి చేసిన సెఫలోథిన్ 1964లో వాడుకలోనికి వచ్చెను. అది సూదిమందు, మింగదగిన సెఫలెక్సిన్ పిమ్మట వచ్చెను.

బాక్టీరియా గోడ, చక్కెర దారములను అడ్డముడులతో బిగించిన వల వంటిది. లోపలి ఒత్తిడి మిక్కుటము. వల సడలినచో కణము పగులును. ఆ ముడులు వేయు ఎంజైములకు సెఫలోస్పోరిన్ అతుకుకొని వాని పని మాన్పును. పెరుగుచున్న క్రిమి తన గోడను పూర్తిచేసికొనలేక పగిలి చచ్చును. మన కణములకు అట్టి గోడయే లేదు. కావుననే ఈ మందు క్రిమిని చంపి మన కణములను విడిచిపెట్టును. అయినను కొందరి ఒంటికిది పడదు. వైద్యుడు చెప్పనిదే తినరాదు.

చర్మపు పుండ్లు, గొంతువాపు, మూత్రనాళ వ్యాధులు కొన్ని తొలి సెఫలోస్పోరిన్లకు లొంగెను. పెనిసిలినును తుంచివేయ నేర్చిన స్టెఫిలోకాకస్ సైతము వీనికి లొంగుట నాడు గొప్ప మేలు. జలుబు మాత్రము లొంగదు. వైరసునకు ఈ గోడ లేదు గదా!

ఇక బిగుతైన వలలో క్రొత్త దారము చొప్పించుట యెట్లు? పాతముడులను కోయవలెను. 2012లో సీసీఎంబీలో మంజులా రెడ్డిగారును సహచరులును, ఈ. కోలై అను బాక్టీరియాలో అట్టి మూడు కత్తెరలు కలవనియు, మూడును లేనిచో గోడ పెరుగదనియు చూపిరి. గోడను గూర్చిన కృషికై ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమానము లభించెను. సెఫలోస్పోరినును సైతము తుంచివేయు బాక్టీరియాలు నేడు ఆసుపత్రులలో హెచ్చుచున్నవి. ముడులు వేయు చేతులను ఆపు మందులు మనకు కలవు. కోయు కత్తెరలను ఆపు మందు ఇంకను రావలసియున్నది.